గుడ్డ రంగు అడిగాకే ఇంకు డబ్బా తెరవండి

నస్పూర్ లాంటి బొగ్గు గనుల ఊళ్లో టీషర్ట్ ప్రింటింగ్ పెట్టుకున్నవాళ్లకు ఆర్డర్లు క్యాలెండర్ ప్రకారం వస్తాయి. డిసెంబర్ 23 సింగరేణి ఆవిర్భావ దినోత్సవం. దానికి ముందు రన్‌లకు, వాలంటీర్లకు టీషర్ట్‌లు కావాలి. గనుల్లో రక్షణ పక్షోత్సవాలు వస్తే నినాదాల టీషర్ట్‌లు. వినాయక చవితికి గల్లీకో యూత్. ఎండాకాలం క్రికెట్ టోర్నీలు, చలికాలం బడుల స్పోర్ట్స్ డేలు. యూనియన్ ఎన్నికలు వస్తే చెప్పనే అక్కర్లేదు. ఈ ఆర్డర్లన్నిటికీ ఫ్రేమూ, స్క్వీజీ, ఇంకు డబ్బాలూ అవే. మారేది ఆ టీషర్ట్‌ను ఎక్కడ, ఏ వెలుతురులో, ఎంత దూరం నుంచి చూస్తారన్నది. రంగు ఎంపిక అక్కడ మొదలవ్వాలి. కస్టమర్‌కు ఇష్టమైన రంగు దగ్గరో, మన దగ్గర మిగిలిపోయిన ఇంకు దగ్గరో మొదలైతే పని చెడుతుంది.

మామూలుగా జరిగేది ఇది. పాతికేళ్ల కుర్రాడు ఫోన్‌లో డిజైన్ పట్టుకుని వస్తాడు.

"అన్నా, నల్ల టీషర్ట్ మీద ఎర్ర అక్షరాలు కొట్టియ్యి. మస్తుంటది."

"ఎక్కడ ఏస్కుంటరు తమ్మీ?"

"టోర్నమెంట్‌కన్నా. వెనకాల పేరు, నెంబర్ రావాలె."

"బౌండరీ కాడ నిలబడి నెంబర్ చదవాల్నంటే నల్ల మీద ఎరుపు కనబడదు. తెలుపు గాని పసుపు గాని పెడదాం. ఎరుపు గావాల్నంటే ముందట చిన్న లోగోకు పెట్టుకుందాం."

ఇంత మాట ముందే అనగలిగితే ఆ కుర్రాడు మళ్లీ మీ దగ్గరకే వస్తాడు. అనడానికి ధైర్యం ఒక్కటే చాలదు, కారణం తెలిసుండాలి. కారణం చెప్పకుండా "బాగుండదు" అంటే మీ ఇష్టాన్ని అతని నెత్తిన రుద్దుతున్నారనుకుంటాడు.

అక్షరం చదవగలగడం రంగు మీదకన్నా ఎక్కువగా ముదురు లేతల మీద ఆధారపడుతుంది. ఎరుపు, నలుపు వేరు వేరు రంగులే. కానీ ముదురుతనంలో రెండూ దగ్గర దగ్గరగా ఉంటాయి. ఎరుపు మీద ఆకుపచ్చ, నేవీ బ్లూ మీద మెరూన్, బాటిల్ గ్రీన్ మీద నలుపు, వీటన్నిటిదీ అదే ఇబ్బంది. పరీక్షించడం తేలిక. డిజైన్‌ను ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్ చేసి చూడండి. అక్షరాలు గుడ్డలో కలిసిపోతే ఆ జోడీ వద్దు. తర్వాత ఫోన్‌ను టేబుల్ మీద పెట్టి నాలుగడుగులు వెనక్కి జరిగి చూడండి. కస్టమర్ ముందే ఇది చేసి చూపిస్తే సగం వాదన అక్కడే తేలిపోతుంది.

పక్క రంగును బట్టి ఒకే రంగు వేరేగా కనిపిస్తుందని మన పనికి దగ్గరి పని చేసిన మనిషే శాస్త్రంగా తేల్చాడు. మిషెల్ షెవ్రాల్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త ప్యారిస్‌లోని గోబ్లాఁ నేత కర్మాగారంలో అద్దకం విభాగం చూసేవాడు. అక్కడి నల్ల నూలు సరిగా నల్లగా లేదని ఫిర్యాదులు వచ్చాయి. అద్దకాన్ని పరీక్షిస్తే లోపం దొరకలేదు. పక్కన నేసిన నీలం, ఊదా పోగుల వల్ల ఆ నలుపు వెలిసినట్టు కనిపిస్తోందని గమనించాడు. ఆ పరిశీలనలన్నీ 1839లో పుస్తకంగా వచ్చాయి. మన షాపులో దీని అర్థం ఏమిటంటే, డబ్బాలో చూసిన రంగును నమ్మకూడదు. బూడిద రంగు ఇంకును ఎర్ర గుడ్డ మీద వేస్తే పచ్చదనం తిరిగినట్టుంటుంది. అదే ఇంకు పసుపు గుడ్డ మీద నీలిఛాయ కొడుతుంది. "కలర్ తప్పేశిన్రు" అని కస్టమర్ వస్తే డబ్బా తెచ్చి చూపించి లాభం లేదు, అతని కంటికి కనిపిస్తున్నదీ నిజమే.

మన ప్రాంతానికి ప్రత్యేకంగా పట్టించుకోవాల్సింది ఇంకొకటి ఉంది, మసక వెలుతురు. బాయి (గని) మీద గేట్ మీటింగ్ అంటే ఫస్ట్ షిఫ్ట్ దిగేముందు, ఇంకా పూర్తిగా తెల్లవారని వేళ. వెలుతురు తగ్గేకొద్దీ మన కంటికి ఎరుపు త్వరగా నల్లబడిపోతుంది, నీలం ఆకుపచ్చలు కాసేపు నిలబడతాయి. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే ఇది గుర్తించాడు. అందుకే ఎర్ర గుడ్డ మీద నల్ల అక్షరాలు మిట్టమధ్యాహ్నం ఎంతోకొంత చదవగలిగినా, ఆ పొద్దున గేటు దగ్గర ముద్దగా ఒక మచ్చలా కనిపిస్తాయి. ఎర్ర టీషర్ట్ తప్పదనుకుంటే అక్షరం తెల్లగా ఉండాలి, లేదా నిండు పసుపు. నినాదం పొడుగైతే రెండు ముక్కలు తగ్గించి అక్షరం పెద్దది చేయమనండి. తెలుగు అక్షరాలకు తలకట్లు, ఒత్తులు ఉంటాయి కాబట్టి సన్నగా వేస్తే ముందు పోయేవి అవే.

ఇక గుడ్డకూ ఇంకుకూ ఉన్న సంబంధం. దీనికి కొంచెం ఓపిక పట్టండి, నష్టాలు ఎక్కువగా వచ్చేది ఇక్కడే. టీషర్ట్ గుడ్డకు రంగు అద్దినప్పుడు అది పోగు లోపలికి దిగుతుంది. మనం స్క్రీన్ మీంచి తోసే ఇంకు గుడ్డ పైన పొరలా కూర్చుంటుంది. ఆ పొర కింద ఉన్న రంగును ఎంతవరకు కప్పగలదన్నదే అసలు ప్రశ్న. తెల్ల గుడ్డ మీద ఏ ఇంకైనా డబ్బాలో ఉన్నట్టే వస్తుంది. నేవీ బ్లూ మీద పసుపు నేరుగా లాగండి, పాచి పట్టినట్టు పచ్చగా తేలుతుంది. నలుపు మీద అదే పసుపు మట్టి రంగుకు దిగుతుంది. అందుకే ముదురు గుడ్డకు ముందు తెల్ల బేస్ వేస్తాం. తెల్ల ఇంకులో ఉండే టైటానియం డయాక్సైడ్‌కు కప్పే గుణం ఎక్కువ. పిగ్మెంట్ ప్రింటింగ్‌లో ఆ పని ఖాదీ పేస్ట్ చేస్తుంది.

నస్పూర్ సీసీసీలో ఉంటూ రంగుల పని చేసేవాళ్లకు ఒక సంగతి తెలిసుంటే బాగుంటుంది. ఆ పేరు కోల్ కెమికల్ కాంప్లెక్స్‌ది. బొగ్గు నుంచి రసాయనాలు తీయొచ్చన్న ఆలోచనకూ మనం అమ్మే టీషర్ట్ రంగుకూ చుట్టరికం ఉంది. 1856లో లండన్‌లో విలియం పెర్కిన్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రాడు మలేరియా మందు క్వినైన్ తయారుచేయబోయాడు. బొగ్గు తారు నుంచి వచ్చే అనిలిన్‌తో ప్రయత్నిస్తుంటే గిన్నె అడుగున ఊదారంగునిచ్చే నల్లటి పదార్థం మిగిలింది. అది పట్టుకు పట్టింది, ఉతికినా పోలేదు. కృత్రిమ రంగుల పరిశ్రమ అక్కడ మొదలైంది. 1897 నాటికి జర్మనీ నుంచి కృత్రిమ నీలిమందు బజారుకొచ్చి, మన దేశంలో నీలి సాగును దెబ్బతీసింది. ఒకప్పుడు దొరలకే అందిన రంగులు ఇవాళ యూత్ టీషర్ట్ మీదికి రావడానికి దారి వేసింది బొగ్గే. మన పిల్లలకు ఈ ముక్క చెప్పాలనిపిస్తుంది నాకు.

పనిలోకి వద్దాం. నల్ల గుడ్డ మీద గని కార్మికుడి హెల్మెట్, దాని క్యాప్ ల్యాంప్ నుంచి పడే పసుపు వెలుగు, ఇదీ డిజైన్. సీనరీ గీసినట్టు గీస్తే బూడిద, గోధుమ, పసుపు, తెలుపు, నారింజ అని ఐదు రంగులు అడుగుతుంది. కానీ గనిలో చీకటి నల్లన, గుడ్డా నల్లదే. ఆ నలుపును ఒక రంగుగా వాడుకోండి. హెల్మెట్ అంచులు, ముఖం మీద పడిన వెలుతురు గీతలు తెలుపులో వస్తాయి. వెలుగు పాయ పసుపు. తెల్ల స్క్రీన్‌లోనే వెలుగు పాయ కింద బేస్ కూడా పెడితే రెండు స్క్రీన్లతో పని అయిపోతుంది. చూసేవాళ్లకు మూడు రంగులు.

దీన్ని లాగే తీరు దగ్గర నుంచి చూడండి. తెలుపుకు 43 మెష్ లాంటి వెడల్పు కన్ను ఉన్న జాలీ తీసుకుంటే ఇంకు మందంగా దిగుతుంది. స్క్వీజీని నిటారుకు దగ్గరగా పట్టుకుని ఒకే ఒత్తిడితో ఒక లాగు. ఫ్రేమ్ ఎత్తి చూస్తే తెలుపు కింద గుడ్డ నూగు ఇంకా నల్లగా పొడుచుకొస్తుంది. ఫ్లాష్ హీటర్ కింద కొన్ని సెకన్లు పెట్టి, వేలితో తాకితే అంటుకోకుండా ఉన్నప్పుడు తీసేయాలి. అంతకు మించి కాల్చితే పైన వచ్చే పసుపు దానికి పట్టదు, నాలుగు ఉతుకులకే పొరగా లేస్తుంది. రెండో లాగుకు తెలుపు నిండుతుంది. మళ్లీ ఫ్లాష్. ఇప్పుడు 77 మెష్ స్క్రీన్‌తో పసుపు. వెలుగు పాయ కింది బేస్‌ను ఫిల్మ్‌లోనే పసుపు కన్నా వెంట్రుకవాసి లోపలికి తగ్గించి ఉంటే అంచుల్లో తెలుపు బయటికి తొంగిచూడదు. చివరగా ప్లాస్టిసోల్ ఇంకైతే పొర అడుగు దాకా 160 డిగ్రీల సెల్సియస్ వేడి అందాలి. చల్లారాక ప్రింటును రెండు చేతులతో సాగదీయండి. పగుళ్లు కనిపిస్తే వేడి చాల్లేదని అర్థం. మందమైన తెల్ల బేస్ ఉన్నచోటే ఎక్కువగా ఇలా అవుతుంది. పైన రంగు ఎండినట్టే ఉంటుంది, అడుగున పచ్చిగా ఉంటుంది.

డబ్బు లెక్క కూడా రంగుల్లోనే ఉంది. ప్రతి రంగుకూ ఒక ఫిల్మ్, ఒక ఎక్స్‌పోజింగ్, ఒక స్క్రీన్, ఒక సెట్టింగ్. వీటికి రంగుకు 400 రూపాయలు అనుకుందాం. తెల్ల గుడ్డ మీద నాలుగు రంగుల డిజైన్‌కు 1,600. ఇరవై టీషర్ట్‌ల ఆర్డరైతే ఒక్కోదాని మీద 80 రూపాయలు పడుతుంది, రెండు వందల ఆర్డరైతే 8 రూపాయలే. అదే నల్ల గుడ్డ అయితే బేస్ స్క్రీన్ కలిసి 2,000. అంటే చిన్న ఆర్డర్‌లో టీషర్ట్‌కు వంద రూపాయలు స్క్రీన్లకే పోతాయి. ఫ్లాష్ చేసే టైమ్ వేరే. "రెండు కలర్లే కదన్నా" అని కస్టమర్ అన్నప్పుడు ఈ లెక్క కాగితం మీద రాసి చూపించండి. గుడ్డ రంగు మార్చుకుంటాడు, లేదా డిజైన్ తగ్గించుకుంటాడు, లేదా పూర్తి డబ్బులిచ్చి తను కోరిందే చేయించుకుంటాడు. మూడిట్లో ఏదైనా మనకు మంచిదే.

బడి స్పోర్ట్స్ డే ఆర్డర్ ఈ లెక్కకు మంచి అభ్యాసం. ఎరుపు, నీలం, ఆకుపచ్చ, పసుపు, నాలుగు హౌస్‌లకు నాలుగు రంగుల టీషర్ట్‌లు, వెనకాల ఒకే బ్యాడ్జి. ఒకే స్క్రీన్ సరిపోతుంది. మొదటి మూడింటి మీద తెల్ల ఇంకు చక్కగా కనిపిస్తుంది. పసుపు మీద తెలుపు మాయమవుతుంది. స్క్రీన్ కడిగి నేవీ బ్లూ ఇంకుతో పసుపు టీషర్ట్‌లు వేయండి. అన్నిటికీ నలుపు వేస్తే కడిగే పని తప్పుతుందని కొందరు చేస్తారు. నీలం హౌస్ పిల్లల తల్లిదండ్రులు గ్యాలరీలోంచి తమ పిల్లల బ్యాడ్జిని గుర్తుపట్టలేకపోతారు. ఆ కాస్త కడిగే శ్రమ మనం పడాల్సిందే.

పాలిస్టర్ జెర్సీల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. ఎర్ర పాలిస్టర్ మీద తెల్ల నెంబర్ వేస్తే డెలివరీ రోజు పాల నురుగులా ఉంటుంది. కొన్ని రోజులకు గులాబీ రంగు తిరుగుతుంది. పాలిస్టర్‌కు అద్దే రంగు వేడికి ఆవిరై పైకి లేస్తుంది, క్యూరింగ్ వేడిలోనే ఆ పని మొదలై ఇంకు పొరలోకి ఎక్కుతుంది. ఎరుపు, మెరూన్ గుడ్డల్లో ఇది ఎక్కువ. అలాంటి ఆర్డర్‌కు పాలిస్టర్ కోసమే చేసిన తక్కువ వేడి ఇంకు వాడాలి. కింద తెలుపుకు బదులు రంగును ఆపే బూడిద బేస్ వేయాలి. ముందు ఒక్క పీసు వేసి కొన్నాళ్లు మడతపెట్టి చూడాలి. టైమ్ లేదంటే గుడ్డ రంగు తెలుపో, లేత రంగో చేసుకోమనండి. లేత పాలిస్టర్‌కు సబ్లిమేషన్ దారి కూడా ఉంది. పొరే ఉండదు కాబట్టి పగలదు, రాలదు. ముదురు గుడ్డకు మాత్రం అది పనికిరాదు.

ఎండ మాట. మన వైపు మే నెలలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. అప్పటి టోర్నమెంట్‌కు నల్ల టీషర్ట్ అడిగితే నేను ఒకటికి రెండుసార్లు ఆలోచించమంటాను. గుడ్డ నల్లదైతే వేడి పీలుస్తుంది. దాని మీద ఛాతీ నిండా ప్లాస్టిసోల్ పలక వేస్తే గాలి ఆడదు, చెమట లోపలే ఉంటుంది. ఆడే పిల్లవాడికి అది శిక్ష. లేత బూడిద, ఆకాశనీలం, పసుపు గుడ్డల మీద నీటి ఆధారిత ముదురు ఇంకుతో గీతల డిజైన్ వేయండి. బేస్ అక్కర్లేదు, చేతికి మెత్తగా ఉంటుంది, ఖర్చూ తగ్గుతుంది. అయితే ఆ ఎండల్లో నీటి ఇంకు జాలీ కన్నుల్లోనే ఎండిపోతుంది, ఆ పని తెల్లవారుజామున పెట్టుకోండి. బొగ్గు దుమ్ములో తిరిగే పనికి తెల్ల టీషర్ట్ ఇవ్వడం కూడా అన్యాయమే. అది ఉతికే ఆడవాళ్ల చేతులు గుర్తుపెట్టుకోవాలి మనం. ముదురు బూడిద మెలాంజ్ గుడ్డ దుమ్మును దాస్తుంది, తెల్ల అక్షరాన్నీ చూపిస్తుంది. వినాయక నిమజ్జనం టీషర్ట్ రంగుల్లో తడిసేదే కాబట్టి దానికీ ముదురు గుడ్డే నయం.

రిఫ్లెక్టివ్ జాకెట్ల మీద లోగో అడిగేవాళ్లూ వస్తారు. మెరిసే పట్టీ మీద ఇంకు పెట్టనే కూడదు. డంపర్లు తిరిగే ఓపెన్‌కాస్ట్‌లో రాత్రి పూట ఆ పట్టీయే మనిషిని చూపిస్తుంది. ఫ్లోరసెంట్ గుడ్డను పెద్ద ప్రింటుతో కప్పకండి. చిన్న నల్ల అక్షరాలు, పట్టీలకు దూరంగా, అంతే. ఎంత ఎక్కువ డబ్బిస్తామన్నా ఇందులో సర్దుబాటు వద్దు.

ఇంకొక కోణం. రంగు ఎవరిదో అడిగి తెలుసుకోవాలి. సింగరేణి కార్మిక సంఘాల్లో ఎరుపు అంటే ఏఐటీయూసీ, మూడు రంగులంటే ఐఎన్‌టీయూసీ, గులాబీ అంటే టీబీజీకేఎస్. 2012, 2017 గుర్తింపు ఎన్నికల్లో టీబీజీకేఎస్ గెలిచింది, 2023 డిసెంబర్ 27 ఎన్నికల్లో ఏఐటీయూసీ. ఆ రోజుల్లో టీషర్ట్ రంగే జెండా. ఎరుపు స్టాక్ అయిపోయిందని మెరూన్ ఇవ్వడం, కాషాయం బదులు నారింజ ఇవ్వడం పెద్ద పొరపాటు. స్టాక్ లేకపోతే లేదని చెప్పాలి, లేదా టైమ్ అడగాలి. మూడు రంగుల పట్టీని తెల్ల గుడ్డ మీద వేస్తే కాషాయం, ఆకుపచ్చ రెండు స్క్రీన్లు చాలు. మధ్య తెలుపు గుడ్డే ఇస్తుంది. కానీ ఆ తెలుపుకు రెండు చివర్లా హద్దు ఉండదు, సన్నని గీత పెట్టకపోతే పట్టీ తెగినట్టుంటుంది. అందరూ కలిసి వేసుకునే టీషర్ట్‌కు, బడి వార్షికోత్సవానికో రక్తదాన శిబిరానికో, ఏ జెండాకూ చెందని రంగు మీరే సూచించండి. అడిగినవాళ్లకు ఆ ఆలోచన రాకపోవచ్చు, వేసుకున్నాక మాత్రం వస్తుంది.

ఫోన్‌లో చూపించే రంగు గురించి ఆర్డర్ తీసుకునేటప్పుడే మాట్లాడాలి. ఫోన్ తెర తనే వెలుగుతుంది, గుడ్డ తన మీద పడ్డ వెలుతురును తిప్పి పంపుతుంది. తెర మీది నియాన్ నీలం, మెరిసే ఆకుపచ్చ మామూలు ఇంకులో రావు. వాదించే బదులు ఒక నమూనా పుస్తకం తయారుచేసుకోండి. మీ దగ్గర ఎప్పుడూ ఉండే ఇంకులన్నీ తెలుపు, నలుపు, ఎరుపు, నేవీ, పసుపు గుడ్డ ముక్కల మీద, బేస్‌తో ఒకసారి, బేస్ లేకుండా ఒకసారి లాగి అట్టకు కుట్టుకోండి. సగం ముక్కను ఇంట్లో బట్టలతో పాటు ఉతికించి, ఎండలో ఆరేయించి పక్కనే పెట్టండి. కస్టమర్‌ను ఆ పుస్తకంతో గుమ్మం బయటికి తీసుకెళ్లండి. ట్యూబ్‌లైట్ కింద ఒకటిగా కనిపించిన రెండు నీలాలు ఎండలో విడిపోతాయి. అతను వేలు పెట్టి చూపించిన ముక్క నెంబర్ ఆర్డర్ ఫారంలో రాసి సంతకం తీసుకోండి.

కలిపిన రంగులకు ఇంకొక అలవాటు కావాలి. కంటి అంచనాతో కలిపితే వంద పీసులు బాగానే వస్తాయి, తర్వాత అడిగే పాతిక పీసులకు ఆ రంగు దొరకదు. చిన్న ఎలక్ట్రానిక్ కాటా కొనండి. తెలుపు ఇన్ని గ్రాములు, నీలం ఇన్ని గ్రాములు, చుక్క నలుపు అని రాసి, ఆ కాగితం మీదే ఇంకు ముద్ర ఒకటి వేసి, గుడ్డ రంగు, మెష్ నెంబర్, ఎన్ని లాగులు లాగారో కూడా చేర్చండి. మిగిలిన కలిపిన ఇంకును మూత గట్టిగా పెట్టి అదే నెంబర్‌తో దాచండి. ఆర్డర్‌లోంచి ఒక టీషర్ట్ మీ ఖర్చుతో అట్టిపెట్టుకుని వారం వారం ఉతికించండి. వచ్చే డిసెంబర్‌లో అదే మనిషి "పోయినేడు లెక్కనే కొట్టన్నా" అని వచ్చినప్పుడు కాగితం, టీషర్ట్ రెండూ అతని ముందు పెట్టి, ఎక్కడ వెలిసిందో చూపించి, ఈసారి ఏం మార్చాలో అక్కడే మాట్లాడుకోవచ్చు.